‘నాది వేరే గోత్రం’: రెండో పెళ్లితో ఒక్కటైన ఇళ్లలో పిల్లలు, పిలుపులు, కాగితాలు

పోయిన కార్తీకంలో మా పెద్దమ్మ కూతురు వాళ్లతో కలిసి శివాలయానికి వెళ్లాను. అర్చన చీటీ పళ్లెంలో పెట్టగానే పూజారి గారు అలవాటుగా "గోత్రం చెప్పండి" అన్నారు. బావ "కౌండిన్యస గోత్రం" అని తన పేరు, అక్క పేరు, మూడేళ్ల పాప పేరు చెప్పాడు. పక్కనున్న తొమ్మిదేళ్ల బాబు క్లాసులో జవాబు చెబుతున్నట్టు చెయ్యెత్తి, "నాది భారద్వాజస గోత్రం" అన్నాడు. వాడు అక్క మొదటి పెళ్లి బిడ్డ. వాడికి రెండేళ్లు నిండకముందే వాళ్ల నాన్న పోయారు. ఆ గోత్రం వాడికి నేర్పించింది బావే. పూజారి గారు క్షణం కూడా ఆగకుండా రెండు గోత్రాలూ చదివి, చివర "సహకుటుంబానాం" అని అందరినీ కలిపేశారు.

గుడిలో అంత తేలిగ్గా అయిపోయిన పని స్కూల్ అడ్మిషన్ ఫారం దగ్గరో, పెళ్లి శుభలేఖ దగ్గరో, ఆస్తి కాగితాల దగ్గరో అంత తేలిగ్గా అవదు. ఇంగ్లీషు చదువుకున్నవాళ్లు బ్లెండెడ్ ఫ్యామిలీ అంటున్న ఇలాంటి ఇల్లు మనకు తెలిసినవాళ్లలో ఒకటైనా ఉంటుంది. అయినా ఆ ఇంట్లో ఎవరు ఎవరికి ఏమవుతారు అంటే చాలామంది తడబడతారు. కన్నది ఒకరు, చట్టం గుర్తించేది ఇంకొకరు, రోజూ లంచ్ బాక్స్ కట్టేది మరొకరు కావచ్చు. మామూలు ఇంట్లో ఈ మూడూ ఒకే మనిషి దగ్గర ఉంటాయి కాబట్టి అవి మూడు వేర్వేరు సంగతులని మనకు తట్టదు.

‘సవతి’ అనే మాట ఎక్కడి నుంచి వచ్చింది

ముందు మాటల సంగతి చూద్దాం. సవతి అంటే ఒకే భర్తకు ఇద్దరు భార్యలున్నప్పుడు ఒకరికి ఇంకొకరు. సవతి తల్లి, సవతి తమ్ముడు అనే మాటలు ఇద్దరు భార్యలు ఒకే కప్పు కింద ఉన్న రోజుల నాటివి. హిందువుల్లో భార్య బతికుండగా ఇంకో పెళ్లి చేసుకోవడాన్ని మద్రాసు రాష్ట్రంలో 1949 చట్టం, దేశమంతటా 1955 హిందూ వివాహ చట్టం ఆపేశాయి. ఇప్పుడు ఇంటికి రెండో అమ్మ వస్తోందంటే మొదటి అమ్మ పోయిన తర్వాతో, విడాకుల తర్వాతో వస్తోంది. సవతి లేదు, పోరూ లేదు. మాట మాత్రం ఉండిపోయింది. నిధులు రాకపోతే "సవతితల్లి ప్రేమ చూపిస్తున్నారు" అని నాయకులు అంటుంటారు. టీవీ ముందు కూర్చుని ఆ మాట వినే ఇళ్లలో వేరొకరి బిడ్డను ప్రేమగా పెంచుతున్న ఆడవాళ్లూ ఉంటారు.

మారుతల్లి, మారుతండ్రి అనే మాటల్లో ఆ విషం లేదు. కాకపోతే ఎదురుగా ఉన్న మనిషిని ఎవరూ "మారుతల్లీ" అని పిలవరు. పిన్ని అనే పిలుపుకు వేరే కథ ఉంది. భార్య పోతే ఆమె చెల్లెల్నే ఇచ్చి చేసే ఆచారం మన దగ్గర చాలా ఇళ్లలో ఉండేది. అప్పుడు వచ్చిన మనిషి పిల్లలకు నిజంగా పిన్నే. ఆ అలవాటు మీదే, ఏ చుట్టరికం లేని రెండో అమ్మను కూడా పిన్ని అనడం వచ్చింది.

మన కథల్లో రెండు పక్షాలూ ఉన్నాయి. తండ్రి ఒడిలో కూర్చోబోయిన ధ్రువుణ్ని అడ్డుకున్న సురుచి అందరికీ గుర్తే. మాద్రి పోయాక నకుల సహదేవుల్ని తన ముగ్గురితో సమానంగా పెంచిన కుంతిని మాత్రం మారుతల్లి అని ఎవరూ తలుచుకోరు. యక్షుడు "నీ తమ్ముళ్లలో ఒక్కణ్ని బతికిస్తాను, ఎవరు కావాలి" అంటే ధర్మరాజు నకులుణ్ని అడిగాడు. కుంతికి తను ఉన్నాడు, మాద్రికీ ఒక కొడుకు మిగలాలి అన్నాడు. కుంతి పెంపకం ఎలాంటిదో ఆ జవాబులో కనిపిస్తుంది.

ఈ ఇళ్లన్నీ ఒక్క రకమూ కావు. ఒకరికే పిల్లలుండి ఇంకొకరికి అదే మొదటి పెళ్లి కావచ్చు. ఇద్దరికీ పిల్లలుండవచ్చు. తర్వాత ఇద్దరికీ కలిపి ఇంకో బిడ్డ పుట్టవచ్చు. సొంత తల్లిదండ్రుల్లో ఒకరు పోయిన పిల్లల పరిస్థితి వేరు, విడాకుల తర్వాత రెండిళ్ల మధ్య తిరిగే పిల్లల పరిస్థితి వేరు. మొదటివాళ్లకు గోడ మీద ఫొటో ఉంటుంది. రెండోవాళ్లకు దసరా సెలవులు ఎవరింట్లో, సంక్రాంతి ఎవరింట్లో అనే లెక్క ఉంటుంది.

ఈ ఇంట్లో ముచ్చట్లు ఎప్పుడు మొదలవుతాయి

పిల్లల ముచ్చట్లంటే బోర్లా పడటం, అన్నప్రాశన, తొలి అడుగు అని వరసగా లెక్కపెడతాం. మారుతండ్రిగానో మారుతల్లిగానో వచ్చిన మనిషికి వీటిలో చాలావరకు అందవు. ఆల్బమ్‌లో చూసుకోవాల్సిందే. వాళ్ల ముచ్చట్లు వేరే చోట మొదలవుతాయి, బయటివాళ్ల కంటికి కనిపించవు.

మా బాబు విషయమే చెబుతాను. పెళ్లయిన మొదటి ఏడాది బావను వాడు అంకుల్ అనేవాడు. బావ ఏమీ అనలేదు. ఆరేళ్లప్పుడు ఒకరోజు వాడి ముందు పన్ను ఊడింది. ఊడిన పన్నును ఇంటి కప్పు మీదకి విసరాలని మా అమ్మ చెప్పింది, అక్క చేతికివ్వమంది. వాడు ఇవ్వలేదు. అగ్గిపెట్టెలో పెట్టుకుని, బావ సెకండ్ షిఫ్టు ముగించుకుని పదకొండింటికి వచ్చేదాకా సోఫాలో నిద్రకు తూగుతూ కూర్చున్నాడు. గేటు చప్పుడవగానే లేచి అగ్గిపెట్టె తెరిచి చూపించాడు. ఇద్దరూ చీకట్లో మేడ మెట్లెక్కి పన్ను విసిరి వచ్చారు. బావ యూనిఫాం కూడా విప్పలేదు. వాడు "డాడీ" అనడం ఆ వారంలోనే మొదలైంది. ఫొటోలో ఉన్నాయన నాన్న, షిఫ్టుకు వెళ్లొచ్చే మనిషి డాడీ. ఆ ఏర్పాటు వాడికి ఎవరూ చెప్పలేదు, వాడే చేసుకున్నాడు.

అమెరికాలో ఇలాంటి కుటుంబాలతో దశాబ్దాలుగా పనిచేసిన మనస్తత్వవేత్త ప్యాట్రిషియా పేపర్నౌ దీన్ని వివరంగా రాశారు. తల్లీబిడ్డల మధ్య ఏళ్ల నాటి అలవాట్లు, వాళ్లకే అర్థమయ్యే మాటలు ఉంటాయి. ఆ ఇంట్లో వాళ్లు లోపలివాళ్లు, కొత్తగా వచ్చిన మనిషి బయటివాడు. తప్పు ఎవరిదీ కాదు, కుటుంబం కట్టుకొచ్చిన తీరే అంత. బిడ్డకు ఇంకో చిక్కు కూడా ఉంటుందంటారు ఆమె. ఈయన్ని ఇష్టపడితే ఆయనకు ద్రోహం చేసినట్టేమో అని లోపల్లోపల నలుగుతారు. ఇలాంటి ఇల్లు కుదురుకోవడానికి నెలలు చాలవు, ఏళ్లు పడుతుంది. నిన్నటిదాకా బాగానే ఉన్న పిల్ల ఉన్నట్టుండి మొండికేసిందంటే, కొత్త మనిషి దగ్గరవుతున్నందుకే ఆ టెన్షన్ అయి ఉండవచ్చు.

తర్వాత చెల్లో తమ్ముడో పుట్టడం ఇంకో పెద్ద మలుపు. కొందరు "ఇక వీళ్లకు సొంత బిడ్డ వచ్చింది కదా" అని పెద్ద పిల్లాడి ముందే అనేస్తారు. ఆ ఒక్క మాటకు రెండేళ్ల దగ్గరితనం కదిలిపోగలదు. అదే బిడ్డ ఇంటిని కట్టిపడేసే ముడి కూడా కాగలదు. ఆ పాపకు ఇంట్లో ప్రతి ఒక్కరూ రక్తసంబంధమే కదా. మా ఇంట్లో పాప బారసాలప్పుడు బియ్యంలో పేరు రాసే సమయానికి, బావ ఉంగరం బాబు చేతికిచ్చి, ఆ చెయ్యి పట్టుకుని రాయించాడు. అక్షరాలు వంకరగా వచ్చాయి. ఆ పళ్లెం ఫొటో ఇప్పటికీ వాళ్ల హాల్లో ఉంది.

అమ్మ అని పిలవమని చెప్పాలా, ఊరుకోవాలా

ఈ విషయంలో పెద్దల్లో రెండు అభిప్రాయాలు. పిలుపు ముందొస్తే ప్రేమ వెనకొస్తుందని కొందరంటారు. పదిమందిలో "ఆంటీ" అంటే ఆమె చిన్నబోతుంది, చుట్టాలు గుచ్చి గుచ్చి అడుగుతారు, కాబట్టి మొదటి రోజు నుంచే అమ్మ అనిపించాలని వాళ్ల వాదన. బిడ్డ మరీ చిన్నదైతే ఇది చాలాసార్లు పనిచేస్తుంది కూడా. రెండో పక్షం, పోయిన అమ్మ గుర్తున్న బిడ్డ చేత ఇంకొకరిని అమ్మ అనిపిస్తే ఉన్న జ్ఞాపకాన్ని లాక్కున్నట్టు అవుతుందంటుంది. నా మొగ్గు రెండో పక్షానికే. మన భాషలో అమ్మకు, నాన్నకు అన్ని పిలుపులున్నప్పుడు (చిన్నమ్మ, అమ్మీ, బాబాయి, నాన్నగారు) బిడ్డ తనకు నప్పింది ఏరుకోవడానికి చోటుంది.

మందలింపు విషయంలో తేల్చి చెప్పడం ఇంకా కష్టం. కొత్తగా వచ్చినవాళ్లు ముందు దగ్గరవ్వాలి, గద్దించే పని కొన్నాళ్లు సొంత తల్లికో తండ్రికో వదిలేయాలని ఈ రంగంలో పనిచేసే కౌన్సెలర్లు సాధారణంగా చెబుతారు. మన ఉమ్మడి ఇళ్ల అనుభవం వేరు. అక్కడ బాబాయీ తిడతాడు, అత్తయ్యా తిడుతుంది, సాయంత్రానికి అదే చేత్తో అన్నం కలిపి పెడుతుంది. ఎప్పుడూ ఒక్క మాట అనని మనిషి తనను పరాయిగా చూస్తున్నాడని బిడ్డ అనుకునే వీలూ ఉంది. బిడ్డ వయసు, ఇంట్లో ఇంకెందరు పెద్దలున్నారు అనేదాన్ని బట్టి జవాబు మారుతుంది. ఒకటి మాత్రం గట్టిగా చెప్పగలను. "సొంత బిడ్డలా చూసుకుంటోంది, పాపం" అనే మెచ్చుకోలు ఆ తల్లికీ బిడ్డకూ మెచ్చుకోలులా వినపడదు.

పెంచుతున్న మనిషికి సంతకం పెట్టే హక్కు ఉందా

ఇక్కడ చెప్పేది హిందువులకు వర్తించే చట్టాల గురించి. ముస్లింలకు, క్రైస్తవులకు వారసత్వ నియమాలు వేరు. 1956 నాటి హిందూ మైనారిటీ, గార్డియన్‌షిప్ చట్టం 6వ సెక్షన్ ప్రకారం బిడ్డకు తండ్రి, ఆయన తర్వాత తల్లి సహజ సంరక్షకులు. ఈ మాటల్లోకి మారుతండ్రి, మారుతల్లి రారని ఆ సెక్షన్ కిందే రాసి ఉంది.

ఒక ఉదాహరణ చూద్దాం. తల్లి లేని నాలుగేళ్ల పాపను రెండో అమ్మ పదేళ్లు పెంచింది. అప్పుడు తండ్రీ పోయాడు. పద్నాలుగేళ్ల ఆ పాప పేరున ఉన్న స్థలం విషయంలోనో, బ్యాంకు డిపాజిట్ విషయంలోనో సహజ సంరక్షకురాలిగా ఆమె సంతకం చెల్లదు. 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం కింద కోర్టుకు వెళ్లి సంరక్షకురాలిగా నియామకం తెచ్చుకోవాలి. తండ్రి పోయాక తల్లి మళ్లీ పెళ్లి చేసుకున్న ఇంట్లో ఇబ్బంది తక్కువ, సంతకాలన్నీ ఆమే పెడుతుంది. పాస్‌పోర్టుకు 2016 డిసెంబరులో సడలించిన నిబంధనల ప్రకారం తల్లిదండ్రుల్లో ఒకరి పేరు ఇస్తే చాలు.

నాకు బాధగా అనిపించేది ఇంకొకటి. తల్లిదండ్రుల పోషణ కోసం వచ్చిన 2007 చట్టంలో ‘తల్లిదండ్రులు’ అన్న మాటకు మారుతండ్రిని, మారుతల్లిని కూడా కలిపి నిర్వచనం ఇచ్చారు. అది మంచి నిర్వచనమే. కానీ ముసలితనంలో ఆయన్ని తండ్రి అని గుర్తించే చట్టం, బిడ్డ చిన్నప్పుడు జ్వరానికి రాత్రంతా మేలుకున్న రోజుల్లో గుర్తించలేదు.

ఈ ఖాళీని పూడ్చేది దత్తత. దానికి రెండు దారులున్నాయి. 1956 హిందూ దత్తత చట్టం కింద మామూలుగా బిడ్డకు పదిహేనేళ్లు నిండకూడదు, పెళ్లి కాకూడదు. అప్పటికే కొడుకున్న వ్యక్తి మరో కొడుకును దత్తత తీసుకోకూడదు, కూతురి విషయంలోనూ అంతే. అంటే మా బావకు ముందే కొడుకుంటే ఈ దారిలో బాబును దత్తత తీసుకోలేడు. రెండో దారి జువెనైల్ జస్టిస్ చట్టం. దత్తతలను చూసే కేంద్ర సంస్థ ‘కారా’ నిబంధనల్లో మారుతండ్రి, మారుతల్లి దత్తతకు విడిగా ఏర్పాటు ఉంది, ఈ కొడుకు నియమం అక్కడ అడ్డురాదు. సొంత తల్లిదండ్రులు ఇద్దరూ బతికుంటే విడిపోయినవాళ్ల సమ్మతి కూడా సాధారణంగా కావాలి. విడాకుల కేసుల్లో చాలావరకు ఇక్కడే ఆగిపోతాయి.

ఇంటిపేరు ఎవరిది ఉండాలి: 1856 నుంచి 2022 దాకా

1881 డిసెంబరు 11న రాజమండ్రిలో కందుకూరి వీరేశలింగం తొలి వితంతు వివాహం జరిపించారు. దానికి ఆధారం 1856 నాటి వితంతు పునర్వివాహ చట్టం. మళ్లీ పెళ్లి చేసుకోవచ్చని చెప్పిన ఆ చట్టమే, చేసుకుంటే మొదటి భర్త ఆస్తి మీద హక్కు పోతుందనీ చెప్పింది. పిల్లలకు తండ్రి వీలునామాలో ఎవరినీ సంరక్షకులుగా రాయకపోతే, తండ్రి తరఫు బంధువులు సంరక్షకుణ్ని నియమించమని కోర్టుకు వెళ్లవచ్చని 3వ సెక్షన్‌లో ఉంది. ఆమెకు కొత్త జీవితం ఇస్తూనే బిడ్డ ఆ పక్షానిదే అనే ఆలోచనను అలాగే ఉంచింది. ఆ చట్టాన్ని 1983లో రద్దు చేశారు. ఆలోచన అంత తొందరగా పోలేదు.

2022 జులై 28న సుప్రీంకోర్టు తీర్పు చెప్పిన కేసు మన తెలుగు కుటుంబాలదే. 2006లో పుట్టిన బిడ్డ నెలల పసివాడుగా ఉండగానే తండ్రి పోయాడు. మరుసటి ఏడాది తల్లి మళ్లీ పెళ్లి చేసుకుంది. 2008లో నాన్నమ్మ, తాతయ్య సంరక్షణ కోసం కోర్టుకు వెళ్లారు. 2014లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు బిడ్డకు పాత ఇంటిపేరు పెట్టాలని, రికార్డుల్లో సొంత తండ్రి పేరు చూపాలని, అది కుదరకపోతే తల్లి రెండో భర్త పేరును ‘మారుతండ్రి’గా రాయాలని ఆదేశించింది. జస్టిస్ దినేశ్ మాహేశ్వరి, జస్టిస్ కృష్ణ మురారి ధర్మాసనం దాన్ని కొట్టేసింది. అలా రాయించడం దాదాపు క్రూరత్వమేనని, బిడ్డ మనసు మీద, ఆత్మగౌరవం మీద దాని ప్రభావం ఏమిటో ఆలోచించలేదని అంది. తండ్రి పోయాక తల్లే సహజ సంరక్షకురాలు, కాబట్టి ఇంటిపేరు నిర్ణయించే హక్కు, దత్తత ఇచ్చే హక్కు ఆమెకు ఉన్నాయని తేల్చింది.

ఇందులో తాతయ్య, నాన్నమ్మల బాధను కొట్టిపారేయలేం. పోయిన కొడుకుకు మిగిలిన గుర్తు ఆ మనవడొక్కడే. ఇంటిపేరు మారిందంటే కొడుకు రెండోసారి పోయినట్టు వాళ్లకు అనిపిస్తుంది. మరోవైపు, హాజరు పట్టీలో రోజూ తన పేరు ఇంట్లో అందరికీ భిన్నంగా వినపడితే, "మీ డాడీ ఇంటిపేరు వేరేగా ఉందేంటి" అనే ప్రశ్నకు జవాబు చెప్పుకోవాల్సింది ఆ పసివాడే. మా బాబుకు పాత ఇంటిపేరే ఉంచారు, వాడికి ఇబ్బంది రాలేదు. వేరే ఊళ్లో, వేరే స్కూల్లో వచ్చి ఉండేదేమో. కాబట్టి తల్లికి వదిలేయమన్న తీర్పే నాకు సరైనదిగా తోస్తుంది. ఇంటిపేరు మారినా తాతగారింటికి వెళ్లే దారి మూసుకుపోనక్కర్లేదు.

ఆస్తి లెక్క ఒక ఉదాహరణతో

ఒకాయనకు మొదటి భార్యతో కూతురు ఉంది. రెండో భార్యకు ఆమె మొదటి పెళ్లి కొడుకు ఉన్నాడు. ఇద్దరికీ కలిపి ఒక బాబు. ఆయన తల్లి కూడా ఉంది. ఆయన స్వార్జితం 60 లక్షల స్థలం, వీలునామా రాయకుండా పోయాడు. 1956 హిందూ వారసత్వ చట్టం ప్రకారం భార్య, కూతురు, బాబు, తల్లి నలుగురూ మొదటి వరుస వారసులు. తలా 15 లక్షలు. మొదటి భార్యతో కన్న కూతురికీ, రెండో భార్యతో కన్న బాబుకూ తేడా లేదు. ఆయన చేతుల మీద పెరిగిన భార్య మొదటి పెళ్లి కొడుక్కి మాత్రం అందులో ఏమీ రాదు.

తర్వాత ఆ భార్య కూడా వీలునామా లేకుండా పోయిందనుకుందాం. ఆమె 15 లక్షలు ఆమె కన్న ఇద్దరు కొడుకులకు ఏడున్నర లక్షల చొప్పున వెళ్తాయి. ఆమె పెంచిన సవతి కూతురికి రాదు. 15వ సెక్షన్‌లోని ‘కొడుకులు, కూతుళ్లు’ అనే మాటలోకి సవతి పిల్లలు రారని, వాళ్లు భర్త వారసులుగా ఆ తర్వాతి వరుసలోనే వస్తారని సుప్రీంకోర్టు 1987లోనే చెప్పింది. వీలునామా, గిఫ్ట్ డీడ్, దత్తత ఈ మూడింటిలో ఏదున్నా ఈ లెక్క మారిపోతుంది. పిత్రార్జితమైతే లెక్క ఇంకో రకం. మా బాబు లాంటి పిల్లలకు ఒక నిబంధన మేలు చేస్తుంది. సొంత తండ్రి నుంచి అప్పటికే సంక్రమించిన ఆస్తి, ఆ తర్వాత దత్తత వెళ్లినా పోదు.

పెళ్లి పందిట్లో ఇద్దరు మేనమామలు

చట్టం ఇంత చిక్కుగా ఉన్నచోట మన ఆచారం ఒక్కోసారి ఆశ్చర్యంగా సర్దుకుపోతుంది. మా బంధువుల్లో ఒక అమ్మాయికి ఆరేళ్లప్పుడు అమ్మ పోయింది, ఎనిమిదేళ్లప్పుడు రెండో అమ్మ వచ్చింది. పెళ్లిలో కన్యాదానానికి తండ్రితో కలిసి పీటల మీద కూర్చున్నది రెండో అమ్మే. ప్రవరలో తండ్రి, తాత, ముత్తాతల పేర్లు చదువుతారు కాబట్టి అక్కడ తకరారు రాలేదు. అదే తల్లి రెండో పెళ్లి చేసుకున్న ఇంట్లో అయితే, దత్తత జరగనప్పుడు, కాళ్లు కడిగే ఆయన ఒకరు, ప్రవరలో వినపడే పేరు ఇంకొకరిది అవుతుంది. కొందరికి అది మనసుకు కష్టం. పోయినాయన పేరు ఆ ముహూర్తంలో నలుగురి మధ్య వినపడినందుకు కళ్లనీళ్లు పెట్టుకునేవాళ్లూ ఉన్నారు.

ఆ అమ్మాయి పెళ్లిలో అసలు చర్చ జరిగింది గంప దగ్గర. పెళ్లికూతురిని గంపలో కూర్చోబెట్టి తేవాల్సింది మేనమామ. కన్నతల్లి తమ్ముడు విజయనగరం నుంచి ముందు రోజే వచ్చాడు. రెండో అమ్మ అన్నయ్య పదిహేనేళ్లుగా ఆ పిల్ల ప్రతి పుట్టినరోజుకూ బట్టలు పెట్టినవాడు. ఎవరు మొయ్యాలని పెద్దలు గుసగుసలాడుతుంటే, పెళ్లికూతురు గదిలోంచే "ఇద్దరూ రండి, నేను బరువున్నాను" అని కేకేసింది. చెరో పక్కా పట్టుకుని తెచ్చారు. శుభలేఖలో కన్నతల్లి పేరు ముందు ‘కీర్తిశేషులు’ అని, దాని కిందే రెండో అమ్మ పేరు వేయించారు. ఏ పేరు పైన ఉండాలో ఆ తల్లే ప్రెస్సు వాడికి స్వయంగా చెప్పి వచ్చింది.